మొదటి టీటీ బ్యాట్ కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ (టీటీ) ఆడుకోవడానికి ఒకే ఒక్క టేబుల్ ఉంది. కొన్నేళ్లుగా సాయంత్రాలు అక్కడే గడుపుతున్నాను. కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లు రెండో వారంలోనే దగ్గరికి వచ్చి, "అన్నా, నేను ఏ బ్యాట్ కొనాలి?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో చెప్పలేక ప్రతిసారీ అరగంట మాట్లాడతాను. ఆ మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఆట మొదలుపెట్టి ఆరు నెలలైనా కానివాళ్ల కోసమే ఇది.

క్లబ్‌లో బ్యాట్లు ఉన్నాయి కదా, సొంతది ఎందుకు?

మొదటి పది పదిహేను రోజులు అక్కర్లేదు. ఆట నచ్చిందో లేదో ముందు తేలనివ్వండి. వారానికి కనీసం రెండు రోజులు ఆడతానని నమ్మకం కుదిరాక మాత్రం ఆలస్యం చేయకండి.

క్లబ్బుల్లో, ఆఫీసుల్లో, హాస్టళ్లలో అందరి చేతులూ మారే బ్యాట్ల రబ్బరు చాలావరకు చచ్చిపోయి ఉంటుంది. పైకి నున్నగా మెరుస్తుంది కానీ బంతిని పట్టుకోదు. చిన్న పరీక్ష చేసి చూడండి. బ్యాట్‌ను టేబుల్ మీద పెట్టి, దాని మీద బంతిని ఉంచి, అరచేత్తో కాస్త నొక్కుతూ పక్కకు లాగండి. రబ్బరు బంతిని ఆపుతున్నట్టు అనిపిస్తే ఇంకా ప్రాణం ఉన్నట్టు. గాజు మీద జారినట్టు జారితే ఆ బ్యాట్‌తో స్పిన్, అంటే బంతిని గిరగిరా తిప్పి పంపడం, నేర్చుకోలేరు. మీరు ఎంత సరిగ్గా కొట్టినా టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరగడం) పడదు, ఎందుకు పడట్లేదో అర్థం కాదు. చివరికి బంతిని ముందుకు తోయడం అలవాటవుతుంది. తర్వాత మంచి రబ్బరు దొరికినా చెయ్యి తోస్తూనే ఉంటుంది. ఆ అలవాటు మాన్పించడానికి పట్టే సమయం, కొత్తగా నేర్పడానికి పట్టే సమయం కంటే ఎక్కువ.

ఇంకో చిక్కు కూడా ఉంది. రోజుకో బ్యాట్, రోజుకో బరువు. చేతికి ఏదీ గుర్తుండదు.

బ్యాట్‌లో ఏమేం ఉంటాయి?

మధ్యలో చెక్క, దాన్ని బ్లేడ్ అంటారు. దానికి రెండు వైపులా రబ్బరు. రబ్బరు కింద స్పాంజ్. పట్టుకోవడానికి హ్యాండిల్. అంతే.

బ్లేడ్ ఒకే చెక్క ముక్కలా కనిపించినా పలుచని పొరలు అతికించి చేస్తారు. ఐదు పొరలవి, ఏడు పొరలవి ఎక్కువ. నిబంధనల ప్రకారం బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలి. కార్బన్ బ్యాట్ అని మనం పిలిచేదాంట్లోనూ చెక్క పొరల మధ్య పలుచగా కార్బన్ నార పొర ఉంటుంది తప్ప మిగతాదంతా చెక్కే. బ్యాట్ ఎంత పెద్దగా ఉండాలి, ఎంత బరువుండాలి అనేదానికి మాత్రం నిబంధనల్లో హద్దు లేదు. బ్లేడ్ సమతలంగా, గట్టిగా ఉంటే చాలు.

ఎంత డబ్బు పెట్టాలి?

రెండు బ్యాట్లు, మూడు బంతులు కలిపి ఐదారు వందలకు అమ్మే సెట్లు ఇంట్లో పిల్లలు సరదాగా ఆడుకోవడానికి సరే. నేర్చుకోవడానికి వద్దు. వాటి రబ్బరుకు పట్టు ఉండదు.

పదిహేను వందల నుంచి మూడు వేల లోపు మంచి రెడీమేడ్ బ్యాట్ వస్తుంది. స్టాగ్, జీకేఐ, స్టిగా, బటర్‌ఫ్లై లాంటి కంపెనీలవి ఈ ధరల్లో చాలా ఉన్నాయి. చెక్క, రబ్బరు విడిగా కొని అతికించుకుంటే చైనా రబ్బర్లతో దాదాపు ఐదు వేలు, జపాన్ లేదా యూరప్ కంపెనీల రబ్బర్లతో ఏడెనిమిది వేలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అవుతుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి ఇవి లెక్క వేసుకోవడానికి మాత్రమే. నా సలహా ఏమిటంటే, చేతిలో ఎనిమిది వేలున్నా మొదటి బ్యాట్‌కు మూడు వేలు పెట్టి, మిగతాది మంచి బంతులకు, రెండు నెలల కోచింగ్‌కు ఉంచండి. ఆ రెండు నెలల కోచింగ్ ఇచ్చేది ఏ బ్యాటూ ఇవ్వలేదు.

రెడీమేడ్ కొనాలా, విడిగా కొని అతికించుకోవాలా?

వారానికి ఒకటి రెండు రోజులు ఆడేవాళ్లకు రెడీమేడ్ చాలు. ఆరు నెలలో, ఏడాదో హాయిగా నడుస్తుంది.

కోచ్ దగ్గర చేరి, వారంలో నాలుగైదు రోజులు ఆడబోతున్నవాళ్లు మాత్రం విడిగా కొనడమే మేలు. రెడీమేడ్ బ్యాట్లలో చాలావాటికి రబ్బరు ఊడదీసి మార్చడానికి వీలుండదు. లాగితే చెక్క పేళ్లు పేళ్లుగా వచ్చేస్తుంది. రబ్బరు అరిగితే బ్యాట్ మొత్తం పారేయాలి. విడిగా కొన్నదాంట్లో బ్లేడ్ ఏళ్ల తరబడి ఉంటుంది, రబ్బరు మాత్రమే మారుస్తారు. చేతికి అలవాటైన చెక్క అలాగే ఉంటుంది.

ఏది కొనాలో పేరు చెప్పమంటే, ఐదు పొరల ఆల్‌రౌండ్ బ్లేడ్ (మరీ వేగంగా కాక, అదుపు బాగుండేది) తీసుకోండి. స్టిగా ఆల్‌రౌండ్ క్లాసిక్ ఎన్నో ఏళ్లుగా కోచ్‌లు సూచిస్తున్న బ్లేడ్. దానికి రెండు వైపులా యసాకా మార్క్ ఫైవ్ లాంటి రబ్బరు. ఆ రబ్బరు 1969 నుంచి మార్కెట్లో ఉంది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన బటర్‌ఫ్లై స్రైవర్ కూడా అదే రకం. పాతవి కదా అని తక్కువగా చూడకండి. ఒకప్పుడు ప్రపంచ స్థాయి ఆటగాళ్లు వీటితోనే ఆడారు. ఖర్చు తగ్గించుకోవాలంటే 729 అనే చైనా కంపెనీ వాళ్ల మామూలు రబ్బర్లు ఉన్నాయి.

పెట్టె మీద స్టార్లు ఉంటాయి కదా, ఎక్కువ స్టార్లున్నది మంచిదేనా?

బ్యాట్ మీద స్టార్లను కంపెనీ తనకు తానే వేసుకుంటుంది. అందరికీ కలిపి ఒక కొలత లేదు. ఒక కంపెనీ మూడు స్టార్ల బ్యాట్, ఇంకో కంపెనీ ఐదు స్టార్ల బ్యాట్ కంటే బాగుండవచ్చు. ఒకే కంపెనీలో పోల్చుకోవడానికి మాత్రం కొంత పనికొస్తాయి. అక్కడ కూడా స్టార్లు పెరిగేకొద్దీ సాధారణంగా వేగం పెరుగుతుంది, కంట్రోల్ తగ్గుతుంది. మొదటి బ్యాట్‌కు మధ్యలో ఉన్నది చూసుకోండి.

వేగం 95, స్పిన్ 98, కంట్రోల్ 90 అంటూ వెనక అచ్చువేసే అంకెలు కూడా కంపెనీ సొంత లెక్కలే.

కార్బన్ బ్యాట్ కొంటే ఏమవుతుంది?

ఈ ఒక్క ప్రశ్నకు నా అనుభవమే చెబుతాను. ఆట మొదలుపెట్టిన నాలుగో నెలలో ఒక షాపుకు వెళ్లాను. ఎంతకాలంగా ఆడుతున్నారని అడగకుండానే కార్బన్ బ్లేడ్ చూపించి, రెండు వైపులా మందపాటి స్పాంజ్ ఉన్న ఖరీదైన రబ్బరు అతికించి ఇచ్చారు. పదకొండు వేలు అయింది. మొదటి రోజు స్మాష్ కొడితే వచ్చిన శబ్దం ఇప్పటికీ గుర్తుంది. చాలా ఆనందంగా అనిపించింది.

రెండో వారం నుంచి బంతి టేబుల్ దాటి పోవడం మొదలైంది. టేబుల్ పొడవు మొత్తం 2.74 మీటర్లు, అవతలి సగం 1.37 మీటర్లే. ఆ బ్యాట్‌తో చెయ్యి పూర్తిగా తిప్పితే బంతి వెళ్లి గోడకు తగిలేది. బయట పడకూడదని నాకు తెలియకుండానే చెయ్యి తిప్పడం తగ్గించాను. నడుము తిరగడం ఆగింది, మోచెయ్యి బిగుసుకుంది, చివరికి మణికట్టుతో బంతిని తాకి వదిలేస్తున్నాను. పాయింట్లు వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే ఎదుటివాళ్ల వేగాన్నే ఆ బ్యాట్ తిప్పి పంపేది. అందుకే తప్పు తెలియలేదు. ఆరు నెలలు గడిచాక చూసుకుంటే నాకు ఫోర్‌హ్యాండ్ (అరచేయి ముందుకు ఉండేలా కొట్టే దెబ్బ) అనేదే లేదు.

మా టేబుల్ దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన, రైల్వేలో పనిచేసి రిటైరైనవారు, నా ఆట చూసి తన పాత ఐదు పొరల బ్యాట్ నా చేతిలో పెట్టారు. నెల రోజులు దీనితోనే ఆడు బాబూ అన్నారు. మొదటి రెండు వారాలు బంతి నెట్ దాటలేదు. నేను తాకి వదిలేస్తుంటే ఆ బ్యాట్ తనంతట తాను ఏమీ ఇవ్వదు కదా! మూడో వారానికి నడుము తిప్పి, చెయ్యి నుదుటి దాకా తీసుకెళ్లక తప్పలేదు. బంతి వంపు తిరిగి టేబుల్ చివర పడడం అప్పుడే మొదటిసారి చూశాను.

నెమ్మదైన బ్యాట్ మీ చేత స్ట్రోక్ పూర్తిగా కొట్టిస్తుంది. వేగమైన బ్యాట్ స్ట్రోక్‌ను సగంలో ఆపేయడం నేర్పిస్తుంది. కార్బన్ చెడ్డదని నేను అనడం లేదు. ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ పదిసార్లు కొడితే ఏడెనిమిది టేబుల్ మీద పడే దశకు వచ్చాక దాని గురించి ఆలోచించండి.

రబ్బరు ఎలాంటిది ఉండాలి? స్పాంజ్ మందం ఎంత?

రెండు వైపులా నున్నగా ఉన్న రబ్బరు, 1.8 మిల్లీమీటర్ల స్పాంజ్. చాలామందికి ఇదే సరిపోతుంది. 1.5 నుంచి 2.0 మధ్య ఏదైనా తప్పు లేదు.

స్పాంజ్ పలుచగా ఉంటే బంతి తగిలినప్పుడు చెక్క స్పర్శ చేతికి తెలుస్తుంది, బంతి అదుపులో ఉంటుంది. మందం పెరిగితే బంతి లోపలికి దిగి స్ప్రింగులా ఎగురుతుంది. వేగం, స్పిన్ పెరుగుతాయి కానీ మీరు ఊహించని చోటికి పోతుంది.

ఈ స్పాంజ్ కథకు మన దేశంతో సంబంధం ఉంది. 1952లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ బొంబాయిలో జరిగింది. అప్పటిదాకా దాదాపు అందరూ స్పాంజ్ లేని, పొక్కుల రబ్బరు బ్యాట్లతో ఆడేవారు. బంతి తగిలిన టక్ టక్ శబ్దాన్ని బట్టి ఎదుటివాడు ఎంత గట్టిగా కొట్టాడో పోల్చుకునేవారు. జపాన్ నుంచి వచ్చిన హిరోజీ సాతో మందపాటి స్పాంజ్ బ్యాట్‌తో దిగారు. దానికి శబ్దం లేదు, బంతి ఎప్పుడు ఎంత వేగంతో వస్తుందో ఎవరికీ అంతుబట్టలేదు. సింగిల్స్ టైటిల్ ఆయనదే. ఆ తర్వాత కొన్నేళ్లు పెద్ద చర్చ నడిచి, 1959లో స్పాంజ్‌కు హద్దు పెట్టారు. స్పాంజ్, రబ్బరు, జిగురు అన్నీ కలిపి ఒక వైపు 4 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇప్పటికీ ఆ నియమమే అమలులో ఉంది.

చైనా రబ్బర్లలో కొన్ని చేతికి అంటుకునేంత జిగటగా, కింద స్పాంజ్ గట్టిగా ఉంటాయి. డీహెచ్ఎస్ కంపెనీ హరికేన్ 3 బాగా పేరున్నది. అవి పూర్తి బలంతో, పూర్తి స్ట్రోక్‌తో కొట్టేవాళ్లకు. కొత్తవాళ్ల చేతిలో బంతి నెట్‌లోకే వెళ్తుంది.

ఒక వైపు పింపుల్స్ (పైకి పొక్కులున్న రబ్బరు) వేయించుకుంటే ఎదుటివాళ్లు తికమక పడతారట?

పడతారు. మన దేశ క్రీడాకారిణి మనిక బత్రా బ్యాక్‌హ్యాండ్ (చేతి వెనక వైపుతో కొట్టే దెబ్బ) వైపు పొడవాటి పింపుల్స్‌తో ఎంతోమంది పెద్ద ఆటగాళ్లను ఇబ్బంది పెట్టడం మనం చూశాం. కానీ ఆమె ఆ రబ్బరును ఎప్పుడు ఎటు తిప్పాలో తెలిసి ఆడతారు. కొత్తవాళ్లకు పొడవాటి పింపుల్స్ ఇస్తే, ఎదుటివాళ్ల స్పిన్ తారుమారై వెళ్లిపోతుంది కాబట్టి మొదట్లో గెలుస్తారు. అయితే స్పిన్ చదవడం, దాన్ని తట్టుకునేలా బ్యాట్ వంచడం ఎప్పటికీ రాదు. కోచ్ మీ ఆట చూసి చెబితే తప్ప మొదటి ఏడాది వద్దు.

ఎరుపు ఎటు పెట్టాలి, నలుపు ఎటు?

మీ ఇష్టం. రెడీమేడ్ బ్యాట్లలో సాధారణంగా రెండు వైపులా ఒకే రబ్బరు ఉంటుంది, రంగు మాత్రమే వేరు.

రెండు రంగులు ఎందుకో తెలుసుకుంటే పైన చెప్పిన పింపుల్స్ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఒకప్పుడు రెండు వైపులా వేర్వేరు స్వభావమున్న రబ్బర్లు ఒకే రంగులో వేసుకుని, మధ్యలో బ్యాట్ తిప్పేస్తూ ఆడేవారు. ఏ వైపుతో కొట్టారో ఎదుటివాళ్లకు తెలిసేది కాదు. అందుకే 1980లలో రెండు వైపులా రెండు రంగులు తప్పనిసరి చేశారు. 2021 అక్టోబరు నుంచి ఎరుపు బదులు గులాబీ, ఊదా, ఆకుపచ్చ, నీలం కూడా వాడవచ్చు. ఒక వైపు నలుపు మాత్రం ఉండాల్సిందే.

హ్యాండిల్ ఏ రకం తీసుకోవాలి?

మన దగ్గర దాదాపు అందరూ కరచాలనం చేసినట్టు బ్యాట్ పట్టుకుంటారు, దాన్ని షేక్‌హ్యాండ్ గ్రిప్ అంటారు. పెన్ను పట్టినట్టు పట్టుకునే పెన్‌హోల్డ్ నేర్పే కోచ్‌లు ఇక్కడ తక్కువ. కాబట్టి షేక్‌హ్యాండ్ బ్యాటే కొనండి. కొనేటప్పుడు చూసుకోండి, పొట్టి హ్యాండిల్ ఉన్న పెన్‌హోల్డ్ బ్యాట్ పొరపాటున ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు.

షేక్‌హ్యాండ్‌లో కింద వెడల్పయ్యే ఫ్లేర్డ్ హ్యాండిల్, పై నుంచి కింది దాకా ఒకే వెడల్పుండే స్ట్రెయిట్ హ్యాండిల్ ఎక్కువగా దొరుకుతాయి. చెమట పట్టే చేతుల నుంచి జారదు కాబట్టి కొత్తవాళ్లకు ఫ్లేర్డ్ బాగుంటుంది. వేళ్లు పొడవుగా ఉండి, చేతిలో హ్యాండిల్ ఇరుగ్గా అనిపిస్తే స్ట్రెయిట్ పట్టి చూడండి.

బరువు ఎంత ఉండాలి?

పెద్దవాళ్లకు మొత్తం 165 నుంచి 180 గ్రాముల మధ్య. బ్లేడ్ ఎనభై చిల్లర, ఒక్కో రబ్బరు నలభై చిల్లర అని లెక్క. వంటింటి త్రాసు మీద పెట్టి చూడవచ్చు. 190 దాటిన బ్యాట్ షాపులో పట్టుకుంటే బరువు తెలియదు. గంట ఆడాక మణికట్టు, మోచెయ్యి చెబుతాయి.

మా పాపకు ఏడేళ్లు. పెద్దయ్యాక కూడా పనికొచ్చేలా పెద్ద బ్యాట్ కొనొచ్చా?

దయచేసి వద్దు. స్కూలు యూనిఫాం ఒక సైజు పెద్దది కొన్నట్టు బ్యాట్ కొనకూడదు. చిన్న చెయ్యి లావుపాటి హ్యాండిల్‌ను చుట్టలేక వేళ్లన్నీ బిగిస్తుంది. బరువు ఆపలేక భుజం పైకి లేస్తుంది. ఆ వయసులో పడ్డ పట్టు పెద్దయ్యాక మార్చడం చాలా కష్టం. సన్నని హ్యాండిల్, 150 గ్రాముల దగ్గర బరువు, 1.5 మిల్లీమీటర్ల స్పాంజ్ చూడండి. అంతకంటే ముఖ్యంగా, పాపను షాపుకు తీసుకెళ్లి తన చేతికిచ్చి చూడండి. బొటనవేలు, చూపుడువేలు రబ్బరు మీదికి తేలిగ్గా రావాలి, మిగతా మూడు వేళ్లు హ్యాండిల్ చుట్టూ పూర్తిగా తిరగాలి.

నాది ఎడమచేతి వాటం. వేరే బ్యాట్ ఉంటుందా?

ఉండదు. షేక్‌హ్యాండ్ బ్యాట్ మామూలుగా ఏ చేతికైనా ఒకటే.

ఆకుల శ్రీజ లాంటి పెద్ద ఆటగాళ్లు వాడే బ్యాటే కొంటే?

హైదరాబాద్ అమ్మాయి 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలిచినప్పుడు, 2024 పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో చివరి 16 మంది దాకా వెళ్లినప్పుడు నేనూ ఎంతో పొంగిపోయాను. ఆ తర్వాత మా దగ్గర టేబుల్ ఎక్కిన ఆడపిల్లల సంఖ్య పెరిగింది. ఈ ప్రశ్న కూడా అప్పుడే ఎక్కువగా వినపడింది. వాళ్ల స్థాయి వాళ్లు రోజూ గంటల తరబడి సాధన చేస్తారు, తమ స్ట్రోక్‌కు తగ్గట్టు రబ్బరు ఎంచుకుంటారు, రబ్బరు కొద్దిగా అలిసినా మార్చేస్తారు. బటర్‌ఫ్లై వాళ్ల టెనర్జీ లాంటి రబ్బరు ఒక్క షీటే వేలల్లో ఉంటుంది. దాన్ని ఏడాది పాటు సాగదీసి వాడేవాళ్లకు ఆ రబ్బరు ఇవ్వగలిగినదాంట్లో మూడోవంతు కూడా అందదు. అభిమానం ఉంటే వాళ్ల కాళ్లు ఎలా కదులుతున్నాయో వీడియో నెమ్మదిగా పెట్టి చూడండి.

ఆన్‌లైన్‌లో కొనాలా, షాపులోనా?

మొదటిది వీలైతే చేత్తో పట్టుకుని కొనండి. హ్యాండిల్, బరువు ఫొటోలో తెలియవు. మీ ఊళ్లో మంచి షాపు లేకపోతే ఆన్‌లైన్‌లో టీటీ సామాను మాత్రమే అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి. పేరున్న కంపెనీల ఖరీదైన రబ్బర్లకు, బ్లేడ్లకు నకిలీలు బాగానే తిరుగుతున్నాయి. అసలు ధరలో సగానికి వస్తోందంటే అనుమానించండి.

చేతికి వచ్చాక అంచులు పరిశీలించండి. రబ్బరుకు, చెక్కకు మధ్య గాలి బుడగలు, ఖాళీలు ఉండకూడదు. రబ్బరు మీద అక్కడక్కడా బంతి వేసి చూడండి. ఒకచోట శబ్దం బోలుగా వస్తే జిగురు సరిగ్గా పట్టలేదు.

నా బ్యాట్ టోర్నమెంటుకు పనికొస్తుందా?

హ్యాండిల్ దగ్గర రబ్బరు అడుగున ఐటీటీఎఫ్ (అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య) గుర్తు, కంపెనీ పేరు, రబ్బరు పేరు అచ్చయి ఉండాలి. ఆ రబ్బరు ఐటీటీఎఫ్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఒక వైపు నలుపు ఉండాలి. మ్యాచ్‌కు ముందు మీ బ్యాట్‌ను అంపైర్‌కు, ఎదుటి ఆటగాడికి చూపించాలి. కాలనీ, ఆఫీసు పోటీల్లో ఇవి పెద్దగా పట్టించుకోరు. జిల్లా స్థాయికి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం కొనేటప్పుడే ఆ గుర్తు చూసుకోండి. చాలా చవక బ్యాట్ల మీద అది ఉండదు.

బ్యాట్‌తో పాటు ఇంకేం కొనాలి?

బంతులు. బ్యాట్ మీద వేల రూపాయలు పెట్టి, పది రూపాయల బంతితో ఆడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. గుండ్రంగా లేని బంతి ఎటు లేస్తుందో ఏ బ్యాటూ సరిచేయలేదు. సరైన బంతి 40 మిల్లీమీటర్లు, 2.7 గ్రాములు. 2014 నుంచి పెద్ద పోటీల్లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది. మూడు స్టార్లవి ఒక పెట్టె దాచుకోండి, సాధనకు ట్రైనింగ్ బంతులు డజను తీసుకోండి. జారని షూస్, బ్యాట్‌కు కవర్, అంచులకు టేప్. ప్రస్తుతానికి ఇవి చాలు.

బ్యాట్‌ను ఎలా కాపాడుకోవాలి?

ఆడాక తడి గుడ్డతో రబ్బరు తుడిచి, ఆరనిచ్చి, కవర్‌లో పెట్టండి. కొద్దిపాటి మంచినీళ్లు చాలు. సబ్బు, శానిటైజర్, కొబ్బరినూనె ఏవీ వద్దు. మే నెల ఎండలో కారు డిక్కీలోనో, బైక్ బాక్స్‌లోనో వదిలేస్తే రబ్బరు గట్టిపడి, జిగురు ఊడి, చెక్క వంకరపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ ప్రతి పది నిమిషాలకు ఒకసారి రబ్బరు తుడుచుకుంటూ ఆడాలి.

పాయింట్ పోయినప్పుడు బ్యాట్‌ను టేబుల్ అంచుకు కొట్టకండి. కోపం వస్తే బంతి ఏరుకోవడానికి నడవండి, అది తగ్గేదాకా నెమ్మదిగా.

రబ్బరు ఊడితే ఇంట్లో ఉన్న జిగురు, సైకిల్ పంక్చర్ సొల్యూషన్ వాడకండి. ఒకప్పుడు రబ్బరు వేగం పెంచుకోవడానికి అలాంటి ఘాటైన జిగుర్లే పూసి ఆడేవారు, వాటిని స్పీడ్ గ్లూ అనేవారు. వాటిలోంచి వచ్చే ఆవిర్లు ఆరోగ్యానికి హానికరమని 2008లో నిషేధించారు. నీటితో తయారైన టీటీ జిగురు విడిగా దొరుకుతుంది.

రబ్బరు ఎప్పుడు మార్చాలి?

వారానికి రెండు రోజులు ఆడేవాళ్లకు ఏడాదికి దగ్గరగా వస్తుంది, రోజూ ఆడేవాళ్లకు మూడు నాలుగు నెలలు. నెలలు లెక్కపెట్టే బదులు మొదట్లో చెప్పిన బంతి పరీక్షే నెలకోసారి చేయండి. బ్యాట్ మధ్య భాగంలో, అంచు దగ్గర రెండు చోట్లా లాగి చూడండి. అంచు దగ్గర పట్టుకుని మధ్యలో జారితే, మీరు రోజూ బంతి కొట్టే చోటు అరిగిపోయిందని అర్థం. మార్చేటప్పుడు బ్లేడ్‌ను అలాగే ఉంచి, అదే రబ్బరు, అదే మందం మళ్లీ వేయించండి. రెండూ ఒకేసారి మారిస్తే ఆటలో వచ్చిన తేడా దేనివల్లో తెలియదు.